నువ్వుల నూనెలో కాల్షియం ఉండదండీ! కొన్ని అపోహలు, వాస్తవాలు

అపోహ: రోజూ గానుగ నూనె తాగితే ఎముకలు గట్టిపడతాయి.

ఈ మాట వినకుండా నా ఓపీ గడవదు. నువ్వుల్లో కాల్షియం దండిగా ఉందన్నది నిజమే. పొట్టు తీయని నువ్వులు 100 గ్రాముల్లో దాదాపు 1000 మిల్లీగ్రాముల కాల్షియం, 14 మిల్లీగ్రాముల ఇనుము, 18 గ్రాముల దాకా మాంసకృత్తులు ఉంటాయి. "మరి నూనె అంటే నువ్వుల సారమే కదా మేడమ్, అందులో ఇంకా ఎక్కువ ఉండాలిగా?" అంటారు. అక్కడే తేడా కొడుతుంది. ఈ మూడూ నూనెలో కరగవు. గానుగ ఆడినప్పుడు, నూనె పోగా మిగిలే పిండిచెక్కలోనే ఉండిపోతాయి. డబ్బాలోకి దిగేది కొవ్వు, దాంతోపాటు అందులో కరిగే కాస్త విటమిన్ ఇ, సెసమిన్ లాంటివి. కాల్షియం మాత్రం సున్నా. ఎద్దు గానుగదైనా, మిల్లుదైనా, రిఫైన్డ్‌దైనా అంతే.

ఈమధ్య ఒకావిడ డెక్సా స్కాన్ (ఎముకల గట్టిదనం చూసే పరీక్ష) రిపోర్టు పట్టుకొచ్చారు. నెలసరి ఆగాక ఎముకలు పలచబడ్డాయి. కాల్షియం మాత్రలతో గ్యాస్ వస్తోందని మానేసి, వాట్సాప్‌లో వచ్చిన మెసేజ్ చూసి, పరగడుపునే రెండు పెద్ద చెంచాల పప్పునూనె, అంటే నువ్వుల నూనె, తాగుతున్నారు. అంటే రోజూ 240 కేలరీలు అదనం. బరువు పెరిగింది, మోకాళ్ల మీద భారమూ పెరిగింది. "అంత ఖరీదు పెట్టి కొంటున్నానండీ" అంటూ కళ్లనీళ్లు పెట్టుకున్నారు. పాపం, ఆవిణ్ణి ఏమంటాం? భయంలో ఉన్నవాళ్లు ఎవరేం చెప్పినా వింటారు. నా కోపమంతా ఆ మెసేజ్ పుట్టించినవాళ్ల మీదే.

గానుగలో మిగిలిన ఆ చెక్కే మన తెలగపిండి. మా గోదావరి వైపు బాలింతకు తెలగపిండి మునగాకు కూర పెట్టాల్సిందే. మా అమ్మమ్మ ఎసట్లో ఉప్పు వేసి, మునగాకు ఉడికాక పొడి చల్లి, నీరు ఇగిరేదాకా కదిపి, దండిగా వెల్లుల్లి తాలింపు పెట్టేది. చిన్నప్పుడు ఆ వాసనకే పారిపోయేదాన్ని. ఇప్పుడు నేనే అందరికీ రాసిస్తున్నాను! కాకపోతే తినడానికని అమ్మేదే కొనండి, పశువుల దాణాకు అమ్మేది కాదు.

అపోహ: పొట్టు తీసిన తెల్లటి నువ్వుపప్పే మేలు రకం.

కాల్షియంలో ఎక్కువ భాగం పొట్టులోనే ఉంటుంది. అయితే ఆ పొట్టులోనే కాల్షియాన్ని పట్టి ఉంచే ఆక్సలేట్లూ ఉంటాయి, కాబట్టి ఉన్నదంతా ఒంటికి పట్టదు. పెద్ద చెంచా నువ్వుల్లో ఉండే కాల్షియం 90 మిల్లీగ్రాములు, పెద్దవాళ్లకు రోజుకు కావాల్సింది 1000. నువ్వులొక్కటే చాలనుకుని పాలు, పెరుగు, రాగులు మానకండి. వేయించి పొడి చేసుకోండి, నమలని గింజ అలాగే బయటికి పోతుంది.

అపోహ: నువ్వులు వేడి, గర్భిణులు ముట్టకూడదు.

వంటలో వేసుకునే మోతాదుతో గర్భం పోతుందనడానికి ఆధారం లేదు. టెన్షన్ పడకండి. నువ్వుల అలర్జీ ఉంటే మాత్రం దూరంగా ఉండాల్సిందే.

అపోహ: ఈ నూనెలో కొలెస్ట్రాల్ ఉండదు, ఎంతైనా వాడొచ్చు.

ఏ మొక్క నూనెలోనూ చెప్పుకోదగ్గ కొలెస్ట్రాల్ ఉండదు. నువ్వుల నూనె మంచిదే, తాలింపుకు వాడుకోండి. కానీ గ్రాముకు 9 కేలరీలు దీనికీ తప్పవు.

ఇక కాల్షియం మాత్రలు పడనివాళ్లు మీ అంతట మీరే మానేయకుండా డాక్టరుకు చెప్పండి. కాల్షియం కార్బొనేట్ అయితే భోజనంతోపాటు వేసుకోవాలి. అయినా గ్యాస్ వస్తుంటే కాల్షియం సిట్రేట్‌కు మారుస్తారు. నూనె తాగిన ఆవిడకు అలాగే మార్చారు.