భర్త సంతకం లేనిదే అబార్షన్ చేయరా? ప్రభుత్వ ఆసుపత్రిలో రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

మొన్న మళ్లీ అదే మాట. ఓపీ అయిపోయి లేవబోతుంటే ఒకావిడ గుమ్మం దగ్గరే ఆగిపోయి, "మా ఆయన రాలేదు మేడమ్. ఆయన లేకపోతే చేయరంట కదా, చీటీ రాయించకుండానే వెళ్లిపోదామనుకున్నా" అంది. ఎవరు చెప్పారమ్మా అని అడిగితే బయట బెంచీ మీద కూర్చున్నవాళ్ల వైపు చూసింది. అబార్షన్ చట్టం ఇప్పటికి రెండుసార్లు మారింది. ఆ బెంచీ మీద చెప్పుకునే చట్టం మాత్రం మారలేదు.

అపోహ: భర్త సంతకం తప్పనిసరి.

కాదు. 18 ఏళ్లు నిండిన స్త్రీ అయితే ఆమె సంతకం ఒక్కటే చాలు. 1971 నాటి ఎంటీపీ చట్టంలోనే, అంటే మన అబార్షన్ చట్టంలోనే ఇది ఉంది, 2021 సవరణ తర్వాత కూడా అలాగే ఉంది. అత్త, నాన్న, అన్న, ఎవరి సంతకమూ అక్కర్లేదు. అమ్మాయికి 18 నిండకపోయినా, మానసిక వ్యాధి ఉన్నా మాత్రం గార్డియన్ రాసివ్వాలి. సంతకం పెట్టే కాగితం పేరు ఫారం సి. అందులో "ఫలానావారి కూతురు/భార్య" అని ఒక ఖాళీ ఉంటుంది. గందరగోళం సగం అక్కడే మొదలవుతుందని నా అనుమానం. ఆ ఖాళీ ఆమె ఎవరో రాయడానికి. ఆయన ఒప్పుకున్నాడని రాయడానికి కాదు.

"మరి ఆసుపత్రిలోనే అడుగుతున్నారు కదా?" అంటారు. నిజమే, అడుగుతారు. నేనూ అడిగాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో "ఎందుకైనా మంచిది, ఆయన్ని కూడా తీసుకురామ్మా" అని తిప్పి పంపిన రోజులు నాకున్నాయి. రేపు ఆయన పదిమందిని వెంటేసుకొచ్చి వార్డులో గొడవ చేస్తాడేమో, కేసు వేస్తాడేమో అని టెన్షన్. నిజంగానే ఒక భర్త అలా కేసు వేశాడు, భార్య మీదా డాక్టర్ల మీదా నష్టపరిహారం కోసం. 2011లో పంజాబ్, హర్యానా హైకోర్టు కుదరదంది. 2017లో సుప్రీంకోర్టు కూడా ఆయన అప్పీలును కొట్టేసింది. చట్టం ప్రకారం, మంచి ఉద్దేశంతో పనిచేసిన డాక్టర్ మీద దావా నిలవదని సెక్షన్ 8 చెబుతుంది. కుటుంబం అనుమతి తెమ్మని, కోర్టు ఆర్డర్ తెమ్మని డాక్టర్లు చట్టంలో లేని షరతులు పెడుతున్నారని 2022లో సుప్రీంకోర్టే తప్పుపట్టింది. అయినా మా వాళ్లలో కొందరు ఆ అలవాటు వదలరు.

దీని మీదే ఇంతసేపు ఎందుకు చెబుతున్నానంటే, మిగతా అపోహల వల్ల డబ్బు పోతుంది, నిద్ర పోతుంది. దీనివల్ల వారాలు పోతాయి.

ఒకామెను మర్చిపోలేను. భర్త గల్ఫ్‌లో. సెలవుకొచ్చి వెళ్లాడు, నెల తప్పింది. ఇద్దరు పిల్లలు, రెండోది సిజేరియన్. ఏడో వారంలోనే ఒక ఆసుపత్రికి వెళ్లింది. భర్త సంతకం కావాలన్నారు. ఆయన దుబాయ్‌లో ఉన్నాడంటే, వచ్చాకే రమ్మన్నారు. అక్కడి కంపెనీ సెలవివ్వలేదు. ఈమె రెండోసారి వెళ్లింది, మళ్లీ అదే జవాబు. ఈలోపు మూడో నెల వచ్చేసింది. చివరికి ఊళ్లో ఆర్ఎంపీ ఇచ్చిన బిళ్లలు వేసుకుంది. అర్ధరాత్రి ఆటోలో మా దగ్గరికి తెచ్చేసరికి చీరంతా రక్తం, పలకరిస్తే మాట లేదు. రెండు యూనిట్ల రక్తం ఎక్కించి, లోపల మిగిలిన ముక్కలు తీశాం. మర్నాడు ఆమె ఫోన్‌లో వీడియో కాల్‌లో భర్త. "నేను వద్దనలేదు మేడమ్. నన్ను రమ్మన్నారని టికెట్ కోసం అప్పు చేస్తున్నా" అన్నాడు. ఆ సంతకం ఎవరికీ అక్కర్లేదని ఆయనకు చెప్పడానికి నాకు కాసేపు నోరు రాలేదు.

ఇక్కడ ఒక పేరు గొడవ ఉంది. చట్టంలోనూ ఆర్ఎంపీ అనే మాట ఉంది. అక్కడ అర్థం రిజిస్టరైన డాక్టర్ అని. అందులోనూ గైనిక్‌లో అనుభవమో శిక్షణో ఉన్నవాళ్లే చేయాలి. మన ఊళ్లలో ఆర్ఎంపీ అంటే ఎవరో మీకు తెలుసు. "ఆర్ఎంపీ చేయొచ్చని చట్టంలోనే ఉందంట" అని ఒకాయన నాతో వాదించాడు కూడా.

బిళ్లలు చెడ్డవని కాదు. తొమ్మిది వారాల్లోపు, డాక్టర్ చూసి ఇస్తే బాగా పనిచేస్తాయి. కానీ గర్భం గర్భసంచిలో కాకుండా ట్యూబులో ఉంటే అవి పనిచేయవు. ట్యూబు పగిలేదాకా మీకు తెలియదు. మెడికల్ షాపువాడికి అసలే తెలియదు.

అపోహ: ప్రభుత్వ డబ్బుతో అబార్షన్ చేయరు, ప్రైవేటుకే పోవాలి.

ఇది ఈమధ్య ఫోన్లలో తిరిగే వార్తల వల్ల ఎక్కువైంది. 2022 జూన్‌లో, అబార్షన్ రాజ్యాంగ హక్కు కాదని అమెరికా సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక చదువుకున్నవాళ్లే వచ్చి "ఇక్కడా ఆపేశారా?" అని అడిగారు. అక్కడి గొడవ వేరు. హైడ్ సవరణ అని 1976 నుంచి ఒకటుంది. ప్రాణాపాయం, అత్యాచారం, రక్తసంబంధీకుల వల్ల వచ్చిన గర్భం లాంటివి తప్ప అబార్షన్‌కు ఫెడరల్ ప్రభుత్వం సొమ్ము ఇవ్వకూడదని. ఏటా బడ్జెట్ బిల్లుల్లో దాని మీద కొట్లాట. మన చట్టంలో అలాంటి మాటే లేదు. పైగా అబార్షన్ ఎక్కడ చేయొచ్చో చెప్పే సెక్షన్ 4లో మొదటి పేరే ప్రభుత్వ ఆసుపత్రిది. ప్రైవేటు ఆసుపత్రికి జిల్లా కమిటీ ఆమోదం కావాలి, ప్రభుత్వ ఆసుపత్రికి అది అక్కర్లేదు. చిన్న పీహెచ్‌సీలో శిక్షణ పొందిన డాక్టర్ ఆరోజు లేకపోవచ్చు. అప్పుడు "ఇక్కడ చేయరు" అంటే "ఈ బిల్డింగులో చేయరు" అని మాత్రమే. ఎక్కడ చేస్తారో రాసిమ్మని అడగండి.

ఇంకో రకం ఉంది: "కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకుంటేనే ఇది చేస్తారు". తప్పు. ఆపరేషన్ గురించి మీకు చెప్పడం మా డ్యూటీ. దాన్ని షరతుగా పెట్టే హక్కు మాకు లేదు.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

అబార్షన్ నేరమా? స్కానింగ్ సెంటర్ గోడ మీద బోర్డు చూసి చాలామంది భయపడతారు. ఆ బోర్డు 1994 చట్టానిది, కడుపులో ఆడో మగో చెప్పడం గురించి. ఇది వేరే చట్టం. అలాగని అడిగిన వెంటనే చేసేసే హక్కు కూడా కాదు. 20 వారాల వరకు ఒక డాక్టర్ అభిప్రాయం కావాలి. 20 నుంచి 24 దాకా ఇద్దరు డాక్టర్లు, అదీ అత్యాచార బాధితులు, మైనర్లు, మధ్యలో భర్త పోయినవాళ్లు లాంటి కొన్ని వర్గాలకే. 24 దాటితే, బిడ్డలో తీవ్రమైన లోపం ఉంటే మెడికల్ బోర్డు తేలుస్తుంది. తల్లి ప్రాణం మీదికొస్తే ఈ లెక్కలేవీ అడ్డుకావు.

పెళ్లికాని అమ్మాయికి చేయరా? చేస్తారు. గర్భనిరోధకం విఫలమైన సందర్భంలో "పెళ్లయిన స్త్రీ, ఆమె భర్త" అని ఉన్న చోట 2021లో "స్త్రీ, ఆమె భాగస్వామి" అని మార్చారు. 20-24 వారాల విషయంలోనూ పెళ్లికానివాళ్లను పక్కన పెట్టకూడదని 2022 సెప్టెంబర్ 29న సుప్రీంకోర్టు చెప్పింది. మీ పేరు మేం బయట చెబితే మాకే ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. అమ్మాయికి 18 లోపయితే పోలీసులకు చెప్పక తప్పదు. కానీ అమ్మాయీ గార్డియనూ కోరితే పేరు చెప్పనక్కర్లేదని అదే తీర్పులో ఉంది.

ఒకసారి తీయించుకుంటే ఇక పిల్లలు పుట్టరా? సరిగ్గా చేస్తే ఆ భయం అక్కర్లేదు. సగం సగం చేసి ఇన్ఫెక్షన్ వస్తే అప్పుడు భయపడాలి.

ఇన్సూరెన్స్ ఉంది కదా, ప్రైవేటులో చేయించుకుంటాం అనేవాళ్లు పాలసీ ఒకసారి తీసి చూడండి. మామూలు హెల్త్ పాలసీల్లో చట్టబద్ధమైన అబార్షన్ ఖర్చును మెటర్నిటీతో కలిపి మినహాయింపుల్లో పెడతారు, విడిగా మెటర్నిటీ కవర్ తీసుకుంటే తప్ప. అక్కడ లక్షల పాలసీ ఉన్నావిడకు పైసా రాదు, ఇక్కడ చీటీ రాయించుకున్నావిడకు బిల్లే ఉండదు.

ఉద్యోగం చేసేవాళ్లు దాదాపు ఎవరూ అడగనిది ఒకటుంది. ఇదివరకు మెటర్నిటీ బెనిఫిట్ చట్టం 9వ సెక్షన్‌లో ఉన్నది, 2025 నవంబర్ నుంచి సోషల్ సెక్యూరిటీ కోడ్‌లోకి మారింది: అది వర్తించే చోట, అబార్షన్ తర్వాత ఆరు వారాల జీతంతో కూడిన సెలవు వస్తుంది. దానికి రుజువు కాగితం కావాలి. డిశ్చార్జ్ రోజే అడిగి రాయించుకోండి. నెల తర్వాత వస్తే ఆ రిజిస్టర్ వెతకడం మా నర్సమ్మకూ కష్టం, కౌంటర్ దగ్గర మళ్లీ గట్టిగా చెప్పుకోవడం మీకూ కష్టం.