ముందు ఆకును వేలితో తడిమి చూడండి

బెంగళూరు మారతహళ్లిలో మేడ మీద పెంచుతున్న మందారకు చిగుళ్లు ముడుచుకుపోతున్నాయి, ఏ మందు కొట్టాలని ఒక పాఠకురాలి ప్రశ్న. మందు సంగతి తర్వాత. ముడత పడిన చిగురుకు దిగువనున్న ఆకుల పైభాగాన్ని వేలితో తడిమి చూడండి. జిగటగా ఉందా, పొడిగా ఉందా? సగం నిర్ధారణ అక్కడే జరుగుతుంది.

పేనుబంక, పిండినల్లి, తెల్లదోమ సూదిలాంటి నోటిని ఫ్లోయం నాళంలోకి దించుతాయి. ఆకులో తయారైన చక్కెర పారే దారి అది. లోపలి పీడనం 10 అట్మాస్ఫియర్ల దాకా ఉంటుంది, అంటే కారు టైరులో గాలికి నాలుగైదు రెట్లు. గుచ్చితే చాలు, రసం దానంతటదే పొంగి నోట్లోకి వస్తుంది. అయితే అందులో చక్కెర ఎక్కువ, అమైనో ఆమ్లాలు తక్కువ. ఒళ్లు పెరగడానికి తగినంత నత్రజని దక్కాలంటే పురుగు అవసరానికి మించి తాగాలి, మిగిలిన చక్కెర నీళ్లను వెనక నుంచి వదిలేయాలి. ఆకు మీది జిగురు అదే. చీమలు దానికోసమే వస్తాయి, మసి తెగులు దాని మీదే పెరుగుతుంది. ఆ మసి ఆకులోకి దిగదు, తడిగుడ్డతో తుడిస్తే పోతుంది. దానికి శిలీంద్రనాశిని దండగ.

తామర పురుగులు, నల్లులు (పిండినల్లి కాదు, ఎర్రనల్లి లాంటివి) ఫ్లోయం జోలికి పోవు. ఒక్కొక్క కణాన్నే ఖాళీ చేస్తాయి. ఖాళీ అయిన చోట గాలి చేరి తామర పురుగుకైతే వెండి మెరుపు, ఎర్రనల్లికైతే సన్నటి తెల్ల చుక్కలు కనిపిస్తాయి. జిగురుండదు. మిరప రైతులు పై ముడతంటే తామర పురుగని, కింది ముడతంటే నల్లి అని పోల్చుకుంటారు. గులాబీ, మందారల్లో ఆ గుర్తును అంతగా నమ్మలేం. తెల్ల కాగితం మీద కొమ్మను తట్టి 10 రెట్ల లెన్సుతో చూడండి. సన్నగా పొడుగ్గా పరిగెత్తేది తామర పురుగు, చుక్కలా మెల్లగా కదిలేది నల్లి.

ఒక మినహాయింపుంది. గులాబీ కాండానికి అంటుకునే గట్టి పెంకు పొలుసు పురుగులు కూడా కణాల రసమే తాగుతాయి కాబట్టి జిగురు వదలవు. గోటితో గీకితే పెంకు లేచి కింద పురుగు కనిపిస్తుంది.

నల్లికి ఎనిమిది కాళ్లు, అది కీటకం కాదు. ఇమిడాక్లోప్రిడ్ అనే పురుగుమందు దాన్ని చంపదు, దాన్ని తినే మిత్ర పురుగులను దెబ్బతీస్తుంది. అందుకే కొట్టాక నల్లి ఇంకా పెరగవచ్చు.

జిగురుండి, చిగురు గుత్తిలా ముద్దకట్టి, తెల్లటి పిండి కనిపిస్తే పిండినల్లే. దిష్టి తగిలిందనుకుని ఆగితే పిల్ల పురుగులు పక్క కుండీలకు పాకుతాయి. ముద్దకట్టిన కొమ్మను జానెడు కిందికి కత్తిరించి, సంచిలో మూటకట్టి పారేయండి. ఆకుల అడుగున నీటిధార బలంగా కొట్టండి. లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, 1 మి.లీ. ద్రవ సబ్బు కలిపి, ముందు ఒక్క కొమ్మ మీద చూసి, మర్నాటికి మాడకపోతే సాయంత్రం మొక్కంతా పిచికారీ చేయండి. వారానికి మళ్లీ చేయండి.

చీమలను తప్పకుండా ఆపాలి. 2008లో కోయంబత్తూరులో బయటపడిన బొప్పాయి పిండినల్లి మందారను కూడా పట్టింది. 2010లో బెంగళూరు హెబ్బాళ్‌లోని కీటక పరిశోధన సంస్థ తెప్పించిన అసిరోఫేగస్ పపాయె అనే చిన్న పరాన్నజీవి కందిరీగ దాన్ని అణచింది. జిగురు కోసం కాపలా కాసే చీమలు ఇలాంటి కందిరీగలను తరిమేస్తాయి. కుండీ కాళ్లను నీటి పళ్లెంలో పెట్టండి, గోడకు తగిలే కొమ్మలు తీసేయండి.

పురుగు చచ్చినా పాత ముడత విప్పుకోదు, ఎందుకంటే మందార చిగురును ఇలా ముద్దకట్టించే గులాబీ రంగు పిండినల్లి లాలాజలం కణాల పెరుగుదలనే చెడగొడుతుంది. పాత ఆకులను చూసి మళ్లీ మందు కొట్టకండి, కొత్త చిగురును చూడండి.