బెహేమోత్ దెయ్యం పేరు కాదండీ

అంత్యకాలం మీద వీడియో ఒకటి వాట్సాప్‌లో తిరిగితే చాలు, హీబ్రూ చెప్పే నాకు ఫోన్లు మొదలు. "అయ్యగారూ, బైబిల్లో యోబు గ్రంథంలో ఉన్న బెహేమోత్ ప్రకటన గ్రంథంలోని క్రూరమృగమేనట కదా?"

అపోహ: బెహేమోత్ ఒక దురాత్మ పేరు.

వాస్తవం: అది పశువుల మాట. వీడియోవాళ్లు చూపించే రుజువు స్ట్రాంగ్స్ నంబర్లు, అంటే బైబిల్లోని హీబ్రూ మాటలకు ఒక పదసూచికలో వేసిన వరుస నంబర్లు. బెహేమా అనే హీబ్రూ మాటకి 929, బెహేమోత్‌కి 930. నంబరు వేరు కాబట్టి మాటే వేరట! ఆ నంబర్లు 1890లో అచ్చయిన పదసూచికవి, లేఖనంలోవి కావు. బెహేమా అంటే పశువు, స్త్రీలింగం. ఏకవచనంలోనే మందంతటినీ చెప్పగలదు. యోనా చివరి వచనంలో నీనెవె పశువులన్నీ ఆ ఏకవచనంలోనే ఉన్నాయి. "ఓత్" చేరితే బహువచనం. కీర్తన 50:10లో వెయ్యి కొండల మీది పశువులు నావి అని దేవుడు అన్నది ఈ బెహేమోత్ గురించే.

మొన్న ఒక అక్క ఫోన్ చేసి, పిల్లాడు రాత్రుళ్లు ఉలిక్కిపడి లేస్తున్నాడని ఏడ్చింది. పాపం, ఆమెననడానికేముంది? కీర్తన 73:22 తీయమన్నాను. అక్కడ కీర్తన రాసిన ఆసాపు తాను దేవుని ఎదుట పశువులా ఉన్నానని ఒప్పుకుంటాడు. హీబ్రూలో ఆ మాట బెహేమోతే. మరి ఆసాపు తనను తాను దెయ్యమనుకున్నాడా? ఆమెకు నవ్వొచ్చింది, టెన్షన్ కాస్త తగ్గింది.

యోబు 40:15లో ఒక మెలిక ఉన్న మాట నిజం. రూపం బహువచనం, "మేయును" అనే క్రియ, యోఖల్, మాత్రం పుంలింగ ఏకవచనం. అంటే అక్కడున్నది మంద కాదు, ఒకే ఒక్క భారీ జంతువు. ఆదికాండం మొదటి వచనంలో ఎలోహీమ్ (దేవుడు) రూపం బహువచనమైనా "సృజించెను" ఏకవచనం కాదూ? వ్యాకరణం అదే. పైగా ఆ జంతువు తినేది గడ్డి. ప్రకటనలోని మృగానిది గ్రీకు మాట, తీరియోన్. యోబు గ్రీకు అనువాదం ఇక్కడ దాని బహువచనం "తీరియా" అని రాసింది కానీ, అది మామూలు అడవి మృగాలకు వాడే మాటే.

మిగతావి గబగబా. డైనోసారా? వచనంలో ఆ ఊసు లేదు. మన బైబిల్లోని నీటిగుర్రం? రెల్లు, నది చూసి అనువాదకులు ఎంచుకున్న మాట, సబబే. బెహేమా అంటే పెంపుడు పశువేనా? సామెతలు 30:30లో సింహాన్ని కూడా ఆ జాబితాలోనే వేశారు.