బ్రిటిష్ ట్విన్ బండ్ల వణుకు వెనక కథ

పాత నార్టన్ కమాండో ఐడిల్‌లో ఉన్నప్పుడు ముందు చక్రం సైతం ఊగుతూ కనిపిస్తుంది. అదే బండి 3,000 ఆర్‌పీఎం దాటితే హ్యాండిల్ మీద చేతులకు ఆ ఊపు దాదాపు తెలియదు. ఈ తేడాకు మూలం 1937లో కోవెంట్రీలో ట్రయంఫ్ కోసం ఎడ్వర్డ్ టర్నర్ గీసిన స్పీడ్ ట్విన్ ఇంజన్‌లో ఉంది, నార్టన్‌ది కూడా అదే అమరిక.

అది 498 సీసీ ఇంజన్. పక్కపక్కనే రెండు సిలిండర్లు, పిస్టన్లు రెండూ కలిసే లేస్తాయి, కలిసే దిగుతాయి. ఒకదాంట్లో పెట్రోలు మండుతుంటే రెండోది గాలి పీల్చుకుంటుంది, తర్వాతి చుట్టులో వంతులు మారతాయి. అలా పిస్టన్ల కదలికతో తిరిగే ఇరుసు, అంటే క్రాంక్‌షాఫ్ట్, తిరిగిన ప్రతి చుట్టుకూ ఒకసారి, సమాన వ్యవధిలో మంట పడుతుంది. ఒక్క కార్బ్యురేటర్ రెండు సిలిండర్లకూ సమంగా సరిపోతుంది. ఒక పిస్టన్ లేస్తుంటే రెండోది దిగేలా పెడితే ఈ సౌకర్యం పోతుంది, పైగా ఇంజన్ పక్కలకు ఊగుతుంది. ఆ కాలానికి టర్నర్ సరైన దారే ఎంచుకున్నారని నా అభిప్రాయం.

కాకపోతే కలిసి కదిలే రెండు పిస్టన్లు వణుకు విషయంలో ఒక పెద్ద పిస్టన్‌తో సమానం. దాన్ని ఆపడానికి క్రాంక్‌కు ఎదురు బరువు కడతారు. ఆ బరువు పైకీ కిందికీ వచ్చే కుదుపును తగ్గిస్తుంది కానీ, పావు, ముప్పావు చుట్టుల్లో ఉన్నప్పుడు తానే ఇంజన్‌ను ముందుకూ వెనక్కూ లాగుతుంది. ఎంత లెక్క కట్టినా వణుకు దిశ మారుతుందే తప్ప వణుకు పోదు.

500 సీసీలో ఇది భరించదగ్గదే. అమెరికా కొనుగోలుదారులు ఇంకా బలం అడిగారు. 1949లో ట్రయంఫ్ థండర్‌బర్డ్ 649 సీసీకి చేరింది, 1962లో నార్టన్ అట్లాస్ 745 సీసీ అయింది. కుదుపు బలం వేగానికి వర్గంలో పెరుగుతుంది, అంటే ఆర్‌పీఎం రెట్టింపైతే అది నాలుగింతలు. అట్లాస్‌ను గట్టిగా తోలితే ఒళ్లంతా అదిరేది.

కొత్త ఇంజన్ గీయకుండా నార్టన్ ఇంజనీర్లు 1967లో కమాండోతో వేరే ఉపాయం చూపించారు. స్టీఫన్ బావర్, బెర్నార్డ్ హూపర్, బాబ్ ట్రిగ్ కలిసి ఇంజన్, గేర్‌బాక్స్, వెనక చక్రాన్ని పట్టుకునే స్వింగ్ ఆర్మ్ మూడింటినీ ఒకే ముద్దగా బిగించి, దాన్ని రబ్బరు బుష్‌ల మీద ఫ్రేమ్‌కు వేలాడదీశారు. చక్రమూ ఇంజనూ కలిసే కదులుతాయి కాబట్టి చైన్ వరస తప్పదు. పైకీ కిందికీ, ముందుకూ వెనక్కూ ఊగనిస్తూ పక్కలకు మాత్రం కదలనివ్వకూడదు. ఆ పక్క సందును షిమ్‌లనే పలుచని బిళ్లలతో సరిచేయాలి. అంగుళంలో వందో వంతు చుట్టూ ఉండాల్సిన సందు బిగుసుకుంటే వణుకు ఫ్రేమ్‌కు పాకుతుంది, వదులైతే మలుపులో బండి తడబడుతుంది. నిర్వహణ అడిగే ఉపాయమే అయినా ఎంతో తెలివైనది.

క్రాంక్ కష్టం మాత్రం అలాగే మిగిలింది. రెండు చివర్లా తప్ప మధ్యలో బేరింగ్ లేదు. 1972లో ఎక్కువ బలం పిండిన నార్టన్ కాంబాట్ ఇంజన్లలో క్రాంక్ వంగి మెయిన్ బేరింగులు త్వరగా పాడయ్యాయి. అప్పటికే 1969లో వచ్చిన నాలుగు సిలిండర్ల హోండా సీబీ750, సెల్ఫ్ స్టార్ట్‌తో మార్కెట్‌ను లాగేసుకుంది.

ఇప్పటి ట్రయంఫ్ బోనవిల్ టీ120, చెన్నైలో తయారై మన రోడ్ల మీద తిరుగుతున్న రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్ 650 రెండింట్లోనూ క్రాంక్ 270 డిగ్రీలది. అంటే ఒక పిస్టన్ కొసకు చేరి ఆగే క్షణంలో రెండోది నడిమధ్య జోరుగా కదులుతుంటుంది. మిగిలిన కుదుపును ఎదురు బరువుతో తిరిగే బ్యాలెన్సర్ షాఫ్ట్ చూసుకుంటుంది. మంటల మధ్య ఎడం సమానంగా లేకపోయినా ఫర్వాలేదు, ఎందుకంటే ఇంజెక్షన్ వచ్చాక ప్రతి సిలిండర్‌కూ పెట్రోలు విడిగానే అందుతోంది.