రెండు రోజుల సాల్మన్ సీజన్ వెనుక పదకొండేళ్ల నీటి కథ

కాలిఫోర్నియా తీరంలో సరదా వేటగాళ్లకు మూడేళ్ల తర్వాత మళ్లీ సాల్మన్ పట్టే అవకాశం వచ్చింది 2025 జూన్ 7, 8 తేదీల్లో. బొడేగా బే, హాఫ్ మూన్ బే, మాంటెరే బే రేవుల నుంచి చార్టర్ బోట్లు, అంటే సీటుకు డబ్బు తీసుకుని వేటకు తీసుకెళ్లే పడవలు, కింగ్ సాల్మన్ కోసం బయలుదేరాయి. వేసవి మొత్తానికీ పెట్టిన పరిమితి 7,000 చేపలు. ఆ రెండు రోజుల్లోనే అది దాటిపోయింది, జూలైకి అనుకున్న తేదీలు రద్దయ్యాయి. దాంతో పాత తగాదా మళ్లీ లేచింది. సాల్మన్ పట్టి అమ్ముకుని బతికే ట్రోలర్లకు 2025లోనూ, వరసగా మూడో ఏడాది, వేట బంద్. అలాంటప్పుడు సీటుకు డబ్బు కట్టి వచ్చేవాళ్లకు ఎందుకు ఇచ్చారని వాళ్ల ప్రశ్న. చేపలు ఇంత త్వరగా పడుతున్నాయంటే సముద్రంలో బాగానే ఉన్నట్టు కదా, మరి ఎందుకు మూశారని బోటు యజమానుల ప్రశ్న.

రెండూ న్యాయమైన ప్రశ్నలే. కానీ జవాబు రేవులో లేదు. అక్కడికి వందల కిలోమీటర్ల దూరంలో, శాక్రమెంటో నది మీది షాస్టా డ్యామ్ దగ్గర ఉంది.

బంగారం వేట నాటి నదుల విధ్వంసం, 1945లో డ్యామ్ పూర్తయ్యి సాల్మన్‌కు ఎగువ దారి మూసుకుపోవడం చాలామంది రాసిన కథే. ఇప్పటి గొడవకు మూలం 2014 వేసవి.

సాల్మన్ తల్లి నది అడుగున తోకతో గులకరాళ్లను తవ్వి, ఆ గుంటలో గుడ్లు పెట్టి మళ్లీ రాళ్లు కప్పుతుంది. అక్కడి నీరు 56 డిగ్రీల ఫారన్‌హీట్ దాటి వేడెక్కితే గుడ్లు చావడం మొదలవుతుంది. ఎండాకాలంలో రిజర్వాయరు పైనీరు వెచ్చగా, అడుగునీరు చల్లగా ఉంటుంది. ఏ లోతు నుంచి కావాలంటే ఆ లోతు నుంచి నీరు తీసుకునేలా 1997లో దాదాపు 8 కోట్ల డాలర్లతో డ్యామ్‌కు తలుపులున్న ఉక్కు కట్టడం బిగించారు. అది పనిచేయాలంటే అడుగున చల్లనీరు మిగిలి ఉండాలి. 2014 కరవులో మిగల్లేదు. శీతాకాలంలో నది ఎక్కే జాతి సాల్మన్ ఆ వేసవి పెట్టిన గుడ్లలో దాదాపు 95 శాతం పోయాయి. 2015లో పరిస్థితి ఇంకా దిగజారింది.

నీరు ఎవరికీ లేదా? 2014లో, శాక్రమెంటో నది సముద్రం వైపు చేరే డెల్టాకు దక్షిణాన ఉన్న రైతు కాంట్రాక్టర్లకు (ఒప్పందం మీద నీరు తీసుకునేవాళ్లకు) షాస్టా డ్యామ్ ఉన్న ఫెడరల్ సాగునీటి ప్రాజెక్టు నుంచి దక్కింది సున్నా. పాత హక్కులున్న శాక్రమెంటో లోయ కాంట్రాక్టర్లకు మాత్రం 75 శాతం అందింది. 1992లో అమెరికా కాంగ్రెస్ చేసిన చట్టం, నదుల్లో సహజంగా పుట్టే సాల్మన్‌ను 2002కల్లా రెట్టింపు చేయాలంది. ఏటా 8 లక్షల ఎకరా-అడుగుల నీరు, అంటే దాదాపు 35 టీఎంసీలు, చేపలకూ వన్యప్రాణులకూ కేటాయించమంది. రెట్టింపు కాలేదు. గడువు దాటి రెండు దశాబ్దాలైంది.

చార్టర్ బోట్లకు చిక్కేది ఎక్కువగా శరదృతువులో నది ఎక్కే సాల్మన్. దానికి దెబ్బ ఇంకో దారిలో తగిలింది. వసంతంలో నదిలో పారుదల తగ్గితే, సముద్రానికి దిగే పిల్లలు వేడినీటిలో, వేటాడే చేపల నోట్లో చనిపోతాయి. అందుకే 2014లో, గుడ్లు పొదిగించి చేపపిల్లలను పెంచే కోల్‌మన్ హేచరీ పిల్లలను లారీల్లో డెల్టాలోని రియో విస్టాకు చేర్చారు. పిల్లలు బతికాయి, కానీ ఇల్లు మరిచాయి. నది పొడవునా దిగుతూ ఆ నీటి వాసన పట్టుకుంటేనే సాల్మన్ పెద్దయ్యాక తిరిగి అక్కడికి వస్తుంది. 2017లో కోల్‌మన్‌కు తిరిగొచ్చిన తల్లులు చాలా తక్కువ. అయినా కరవొస్తే నియమాలు సడలించడం, నది చేయాల్సిన పనిని లారీకి అప్పగించడం పద్ధతైపోయింది. 2021లో అదే జరిగింది. రాష్ట్ర హేచరీల నుంచి కోటిన్నరకు పైగా పిల్లలు లారీలెక్కాయి.

సాల్మన్ ఎక్కువగా మూడేళ్లకు తిరిగొస్తుంది కాబట్టి ఏ పొరపాటైనా ఆలస్యంగా బయటపడుతుంది. 2022లో దాదాపు 2 లక్షల చేపలు శాక్రమెంటోకు వస్తాయని లెక్కవేస్తే వచ్చినవి 62 వేలు. కనీస లక్ష్యం 1,22,000. మరుసటి ఏడాది సీజన్ మొత్తం మూసేశారు. పరిహారంగా కేంద్రం 2.06 కోట్ల డాలర్లు ప్రకటించింది.

ఇందులో చార్టర్ యజమానులది ఒక ప్రత్యేకమైన నష్టం. వాళ్లు అమ్మేది చేప కాదు, పడవలో ఒక రోజు. ఎదురుముల్లు లేని కొక్కేనికి యాంకోవీ అనే చిన్న చేపను గుచ్చి, బరువుతో లోతుకు దింపి, చేప తగిలితే చేతివలతో ఎత్తేదాకా డెక్‌హ్యాండ్, అంటే పడవ మీది సహాయకుడు, పక్కనే ఉంటాడు. మనిషికి రోజుకు రెండే చేపలు. మూసేసిన ఏళ్లలో అవే బోట్లు రాక్‌ఫిష్‌కో, తిమింగలాలు చూపించడానికో తిరిగాయి. కానీ సాల్మన్ కోసం వచ్చేవాడు రాక్‌ఫిష్ కోసం అంత దూరం రాడు.

సముద్రం పాడైందనీ, ఒకే రకం ఆహారం తిని తల్లుల్లో బి1 విటమిన్ తగ్గిందనీ, చారల బాస్ చేపలు పిల్లలను మింగుతున్నాయనీ సాగునీటి సంస్థలు అంటాయి. అవీ నిజాలే. అంతకుముందు 2008, 2009లో జరిగిన సాల్మన్ వేట మూసివేతలకు సముద్ర పరిస్థితులే తక్షణ కారణమని శాస్త్రవేత్తలూ తేల్చారు. అయితే సముద్రాన్ని ఎవరూ తిప్పలేరు, డ్యామ్ గేట్లను తిప్పగలరు. 2025 జనవరిలో అధ్యక్షుడు ట్రంప్ ‘చేపల కంటే ప్రజలే ముందు’ అనే అర్థం వచ్చే శీర్షికతో ఇచ్చిన ఆదేశం డెల్టా నీటిని రాష్ట్రంలోని ఇతర ప్రాంతాలకు ఎక్కువగా మళ్లించడం గురించే. ఆ ప్రజల్లో ఈ రేవుల వాళ్లను ఎవరూ లెక్కపెట్టలేదు.

2023లో వానలు విపరీతంగా పడ్డాయి, నది నిండా పారింది. కానీ అప్పుడు సముద్రానికి దిగిన పిల్లలు 2022లో వచ్చిన ఆ కొద్దిమంది తల్లుల సంతానం. అవి పెద్దయ్యే 2025కి అంచనా వేసిన శాక్రమెంటో సాల్మన్ 1,65,000 పైచిలుకు. అందులోంచి కనీసం 1,22,000 నదికి చేరాలి. ఆ అంచనా 2022లోలా తప్పితే ఏమవుతుందన్న భయంతోనే ట్రోలర్లకు పూర్తిగా మూసి, చార్టర్ బోట్లకూ సొంత పడవలవాళ్లకూ కలిపి వేసవికి 7,000 ఇచ్చారు.