మల్లి కాలు ఎందుకు వేలాడింది

పాలకొల్లు దగ్గర మన ఊరు,
ఆషాఢ మాసం.

చిరంజీవులైన మనవడికి, మనవరాలికి తాతయ్య ఆశీస్సులు.

ముక్కనుమ నాడు బస్సెక్కే ముందు గుర్రం మావయ్య కొట్టంలో, ఆయన పెళ్లి ఊరేగింపుల గుర్రం మల్లి పక్కన నిలబడి మీరిద్దరూ అడిగిన మాట నాకింకా చెవిలో ఉంది. "ఎముక విరగలేదంటున్నారు, రక్తం రాలేదు, మరి మల్లి కాలెందుకు కింద పెట్టట్లేదు తాతయ్యా?" ఆ హడావుడిలో సరిగ్గా చెప్పలేకపోయాను. ఇప్పుడు పెళ్లిళ్లు లేని మాసం. మల్లికి ఊరేగింపులు లేవు, మావయ్యకి తీరిక. పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా ముప్పై ఏళ్లు చేసిన నేను ఈ ఆరు నెలలూ రోజూ దాన్ని చూస్తూనే ఉన్నాను కాబట్టి చెప్పడానికి చాలా ఉంది.

కనుమ నాడు పొద్దున్నే దాన్ని కడగడానికి తీసుకెళ్తుంటే మంచుకి తడిసిన కాలువ గట్టు మీద కాలు జారింది. తూము సిమెంటు గోడకి కుడి జబ్బ కొట్టుకుంది. నాలుగు వందల కిలోల బరువు ఒక్కసారి ఆ జబ్బ మీద పడింది. డాక్టరుగారు ముందు ఎముక సంగతే తేల్చుకున్నారు. ఎముక విరిగినా గుర్రం అచ్చం అలాగే నిలబడుతుంది. ఎక్స్‌రేలో ఎముక విరగలేదని తెలిశాకే నరం దెబ్బ అన్నారు.

మనవాళ్లు అన్నిటినీ నరమే అంటారు. సూది గుచ్చే రక్తనాళమూ నరమే, మెడ పట్టేస్తే అదీ నరమే. నేను చెప్పే నరం వేరు. మెదడు మాటని కండకి మోసుకెళ్లే తీగ ఇది. మీ చెయ్యి చాపండి. మోచెయ్యి తిన్నగా పెట్టడం, మణికట్టు పైకెత్తడం, వేళ్లు చాపడం, ఈ మూడు పనులకీ ఒకటే పెద్ద నరం. అది చంకలోంచి వచ్చి, జబ్బ ఎముక వెనకగా చుట్టుకుని కిందికి దిగుతుంది. గుర్రానికీ అంతే. మనం గుర్రం ముందుకాలి మోకాలు అనుకునేది నిజానికి దాని మణికట్టు. డెక్క దాని నడిమి వేలి గోరు. ఇప్పుడు ఆ నరం పని చెయ్యలేదనుకోండి. మోచెయ్యి కిందికి జారుతుంది, మణికట్టు వంగిపోతుంది, డెక్క ముందు భాగం నేలకి ఆనుతుంది. మీరు చూసింది అదే. డాక్టరుగారు కాలు తిన్నగా పెట్టి మోకాలి మీద అరచేత్తో వెనక్కి నొక్కి పట్టుకుంటే మల్లి దాని మీద బరువు మోపింది. చెయ్యి తియ్యగానే మళ్లీ మడతపడింది.

చాలాసేపు బాసింపట్టు వేసుకుని కూర్చుంటే కాలు తిమ్మిరెక్కుతుంది కదా, అది నరం కాసేపు నలిగినందుకే. లేచి నాలుగడుగులేస్తే పోతుంది. దెబ్బ కొంచెం గట్టిదైతే నరం తెగదు గానీ మాట మోయడం ఆగుతుంది. అది కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల్లో దానంతటదే కోలుకుంటుంది. ఇంకా గట్టిదైతే పైతొడుగు నిలిచి లోపలి పోగులు తెగుతాయి. పూర్తిగా రెండు ముక్కలైతే దానంతటది కలవదు. మల్లికి మూడు వారాలైనా కదలిక రాలేదు. పైగా జబ్బ వెనక కండ కరిగి లోతు పడింది. అప్పుడు తెలిసింది, పోగులు తెగాయని. తొడుగైనా నిలిచి ఉంటే బాగుండునని మావయ్యా నేనూ అనుకోని రోజు లేదు.

1850లో ఆగస్టస్ వాలర్ అనే ఆయన కప్ప నాలుక నరాలు కోసి, ఆ తర్వాత ఏమవుతుందో సూక్ష్మదర్శినిలో చూశాడు. కోసిన చోటుకి అవతల భాగం చచ్చి చివికిపోతుందని ఆయన కనిపెట్టాడు. మీకు మన పొలానికి నీళ్లు తెచ్చే బోదె గుర్తు చేసుకుంటే ఇది బాగా తెలుస్తుంది. ధవళేశ్వరంలో నీళ్లు కట్టేస్తే బోదె ఎండుతుంది, గట్లు మాత్రం ఉంటాయి. మళ్లీ వదిలితే నీళ్లు ఆ గట్ల మధ్యనే శివారు దాకా వస్తాయి. నరం పోగు కూడా పైనుంచి ఆ పాత తొడుగులోనే పెరుగుతూ కిందికి వస్తుంది. రోజుకి సుమారు ఒక మిల్లీమీటరు. మల్లికి దెబ్బ తగిలిన చోటు నుంచి మోకాలు ఎత్తే కండ దాకా టేపు పెట్టి కొలిస్తే పద్దెనిమిది సెంటీమీటర్లు వచ్చింది. ఎన్ని రోజులో మీరే లెక్క వేసుకోండి.

ఇందులో తొందరపెట్టడానికి ఏమీ లేదు. అది తెలియకనే ఊళ్లో ఒకాయన వాతలు పెడదామన్నాడు. ఎర్రగా కాల్చిన ఇనుముతో చర్మం కాలుతుంది, లోపలి నరం ఒక్క మిల్లీమీటరు కూడా ముందుకి రాదు. చెయ్యి అడ్డం పెట్టి మరీ వద్దన్నాను. పశువుల మీద ఆ మచ్చలు ముప్పై ఏళ్లు చూశాను, ఇంక చూడలేను.

నీళ్లు వచ్చేసరికి బోదె పూడిపోకూడదు. మా పనంతా అదే. వంగిన కాలు అలాగే ఉండిపోతే వెనక కండలూ బందాలూ పొట్టిగా బిగిసిపోతాయి, తర్వాత నరం వచ్చినా కాలు చాపలేదు. అందుకని పీవీసీ పైపుని నిలువునా సగానికి కోసి, అంచులు అరగదీసి, దూది మందంగా చుట్టి కాలి వెనక కట్టు కట్టాం. రోజూ విప్పి, చర్మం చూసి, మళ్లీ కట్టాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక జట్కా గుర్రానికి వెదురు బద్దలు దూది చాలకుండా బిగించి, మూడు రోజులు విప్పి చూడలేదు. విప్పేసరికి డెక్క పైన చర్మం ఒరిసి కుళ్లింది. ఆ వాసన నాకిప్పటికీ గుర్తే. అందుకే మల్లి కట్టు విప్పని రోజు ఒక్కటీ లేదు.

నాకు అసలు టెన్షన్ బాగున్న ఎడమ కాలితోనే. గుర్రం బరువులో సగానికి పైగా ముందుకాళ్ల మీదే ఉంటుంది. ఒక కాలు తప్పుకుంటే రెండోది రాత్రీపగలూ ఒంటరిగా మోస్తుంది. అప్పుడు డెక్క లోపలి పొర వాచి దెబ్బతినొచ్చు, దానితో గుర్రం ప్రాణానికే ముప్పు. అందుకని కొట్టంలో కొబ్బరి పొట్టు మోకాలి లోతున పరిపించాం. మావయ్య రోజూ ఎడమ డెక్క మీద అరచెయ్యి వేసి వేడి చూస్తాడు, డెక్కకి కాస్త పైన, కాలి వెనక పక్కన వేలు పెట్టి నాడి గట్టిగా కొడుతోందేమో చూస్తాడు. ప్రేమ కొద్దీ అందరూ ఉలవ గుగ్గిళ్లు తెచ్చేవారు. పని చెయ్యని గుర్రానికి అవి విషంతో సమానమని నచ్చజెప్పి, పచ్చగడ్డీ వరిగడ్డీ మాత్రం పెట్టించాను.

పూటకి పదిహేను సార్లు కాలు పైకెత్తి, ముందుకి మెల్లగా లాగి, మడిచి, చాచేవాళ్లం. తర్వాత కొబ్బరినూనెతో మర్దనా. నూనె నరం దాకా పోదు, కండకి రక్తం ఆడడానికీ, అది బిగుసుకోకుండా ఉండడానికీ చేతి రాపిడే పని చేస్తుంది.

మార్చి మొదటి వారంలో మర్దనా చేస్తుంటే నా వేళ్ల కింద మోచేతి పైకండ చిన్నగా, చేపపిల్ల కొట్టుకున్నట్టు కొట్టుకుంది. మావయ్యని పిలిచి ఆయన చెయ్యి అక్కడ పెట్టాను. ఇద్దరం చాలాసేపు మాట్లాడలేదు.

అక్కడి నుంచి నడక. చదునైన గట్టి నేల మీద మొదట ఐదు నిమిషాలు. జిగట మట్టిలోకి అసలు వద్దు, అది డెక్కని పట్టేస్తుంది. వేసవిలో కాలువ కట్టేశాక అడుగున ఇసుక ఉన్న చోట మోకాలి లోతు నీళ్లు మిగిలాయి. కట్టు తీసి అందులో నడిపించాం. నీళ్లలో గుర్రం కాలు తప్పనిసరిగా పైకెత్తి వేస్తుంది, బరువు కూడా తేలికవుతుంది. బయటికి రాగానే డెక్క అడుగు తుడిచి ఆరబెట్టాలి, లేకపోతే కుళ్లు పడుతుంది. ఆ తర్వాత దారికి అడ్డంగా రెండున్నర మూడు అడుగులకి ఒక కొబ్బరి మట్ట చొప్పున పరిచాం. మొదట్లో ప్రతి మట్టనీ డెక్కతో ఈడ్చుకుపోయేది. మొన్న ఆదివారం ఆరింట్లో నాలుగు దాటింది.

ఇంకా పూర్తి కాలేదు. అలిసిపోతే డెక్క కొస రాసుకుంటుంది. వానకి తడిసిన నేల మీద దాని అడుగు ముందు జానెడు గీత ఉండేది, ఇప్పుడు రెండు వేళ్లంత ఉంది. పెళ్లికొడుకుని మొయ్యగలదో లేదో డాక్టరుగారు కార్తీకం వెళ్లాక చూద్దామన్నారు. మొయ్యకపోయినా ఉంచుకుంటానని మావయ్య నాతో అన్నాడు.

దసరా సెలవులకి వచ్చినప్పుడు రెండు క్యారెట్లు తెండి. ఎదురుగా నిలబడి పెట్టెయ్యొద్దు. కుడి పక్కన, దాని పక్కటెముకల దగ్గర పట్టుకోండి. మెడ తిప్పి అందుకోవాలంటే బరువు ఆ కాలి మీదకి ఒరుగుతుంది. వెనక కాళ్ల దగ్గరికి మాత్రం పోకండి.

మీ తాతయ్య