సెకండ్‌హ్యాండ్ ఆఫ్‌రోడ్ టైర్లు: అపోహలు – వాస్తవాలు

విజయవాడ ఆటోనగర్‌లో టైర్ల షాపు నాది. కృష్ణా లంకల్లో ఇసుక మీద తిప్పేవాళ్ళు, అమరావతి వైపు నల్లరేగడిలో పొలాలకు వెళ్ళే బొలేరో వాళ్ళు, కొత్తగా థార్ కొన్న కుర్రాళ్ళు సెకండ్‌హ్యాండ్ టైర్లు అడుగుతుంటారు. కొనొద్దని నేను చెప్పను. చూసి కొంటే డబ్బులు నిజంగానే మిగులుతాయి. కానీ పైపైన చూసి బేరం కుదుర్చుకునేవాళ్ళను చూస్తే నాకు భయమేస్తుంది.

అపోహ: "బటన్లు నిండుగా ఉన్నాయన్నా, కొత్త టైరే."

బటన్లు, అంటే టైరు మీది రబ్బరు దిమ్మలు, చెప్పేది ఎంత తిరిగిందో, అంతే. ఎన్నేళ్ళయిందో చెప్పవు. థార్ వెనక తగిలించిన స్టెప్నీ రోడ్డు ముట్టకుండానే ఏళ్ళ తరబడి ఎండలో ఉంటుంది. మే నెలలో మన ఊరి ఎండకి రబ్బరు ఏమవుతుందో వేరే చెప్పాలా? సైడ్‌వాల్ (టైరు పక్క భాగం) మీద డాట్ (DOT) అనే అక్షరాలతో మొదలయ్యే కోడ్ చివర నాలుగంకెలుంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం. తేదీ ఒక్కోసారి ఒకవైపే ఉంటుంది, కనబడకపోతే టైరు తిప్పి చూడండి. పాలిష్ కొట్టి నిగనిగలాడుతుంటే సబ్బునీళ్ళతో కడిగించి, గాడుల అడుగున సన్న పగుళ్ళున్నాయేమో వెతకండి. ఐదేళ్ళు దాటిన టైరు ఎంత చవగ్గా వచ్చినా ఆఫ్‌రోడ్ బండికి నేను ఎక్కించను. గాలి తగ్గించి నడిపినప్పుడు సైడ్‌వాల్ బాగా వంగుతుంది, గట్టిపడిన రబ్బరు అక్కడే చీలుతుంది.

అపోహ: "బయట దెబ్బ లేదు కదా, ఇంకేం చూడాలి?"

ఆఫ్‌రోడ్‌లో తిరిగిన టైరు అసలు సంగతి లోపల ఉంటుంది. ఇసుకలోకి దిగేముందు గాలి 15–18 పీఎస్ఐకి తగ్గిస్తారు, అది సరైన పద్ధతే. బయటికొచ్చాక మళ్ళీ నింపకుండా అలాగే హైవే ఎక్కేవాళ్ళున్నారు. పంచరైన టైరు మీదే రెండు మూడు కిలోమీటర్లు లాగించేవాళ్ళూ ఉన్నారు. అప్పుడు సైడ్‌వాల్ వేడెక్కి లోపలి పొరలు నలిగిపోతాయి. మళ్ళీ గాలి కొడితే బయటికి ఏమీ తెలియదు.

అందుకే డబ్బులిచ్చేముందు రిమ్ము నుంచి ఊడదీయించండి. మొబైల్ లైటు వేసి లోపల చూడండి. అడుగున నల్లటి రబ్బరు పొడి రాలి ఉన్నా, సైడ్‌వాల్ లోపల చుట్టూ పట్టీలా అరిగి ముడతలు పడినా ఆ టైరు వదిలేయండి. తర్వాత చేతికి గుడ్డ చుట్టుకుని లోపలంతా రాయండి. ఎక్కడైనా తీగ బయటికొచ్చి ఉంటే గుడ్డకు పట్టుకుంటుంది. ఉత్త చెయ్యి పెట్టకండి, కోసుకుంటుంది. రిమ్ము మీద కూర్చునే అంచు చిరిగిందేమో కూడా చూడాలి. ఇలాంటి టైరు మట్టిలో నెమ్మదిగా పోతున్నప్పుడు కాకపోయినా, గుంటూరు రోడ్డు మీద వేగంగా వెళ్తున్నప్పుడు పేలితే బండి ఎవరి చేతిలోనూ ఉండదు. ఊడదీయడానికి అమ్మేవాడు ఒప్పుకోకపోతే బేరం అక్కడితో వదిలేయండి.

అపోహ: "సైడ్‌లో కోత ఉంటే ట్యూబ్ వేస్తే సరి."

ట్యూబ్ గాలిని ఆపుతుందే కానీ సైడ్‌వాల్ లోపల తెగిన దారాలను అతికించదు. వద్దు.

అపోహ: "సగం ధరకు వస్తే సగం ఆదా."

లెక్క వేసి చూడండి. కొత్త టైరు 12,000, గాడి లోతు 10 మి.మీ. అనుకుందాం. చట్టం 1.6 మి.మీ. వరకు ఒప్పుకుంటుంది కానీ బురదలో అది గుండు టైరే, 3 మి.మీ. దగ్గరే దాని పని అయిపోయిందనుకోండి. అంటే వాడుకునేది 7 మి.మీ., మిల్లీమీటరుకు సుమారు 1,700 పడుతుంది. అదే రకం పాతది 6,000కి దొరికి, లోతు 5 మి.మీ. ఉంటే మీకు మిగిలేది రెండే. మిల్లీమీటరు 3,000! చవకనుకున్నదే ఖరీదైంది. లోతు కొలిచే గేజ్ చిన్న వస్తువే, వెంట తీసుకెళ్ళండి. వేడి బ్లేడుతో గాడులు మళ్ళీ లోతుగా కోసి అమ్మేవాళ్ళుంటారు కాబట్టి, గాడి మధ్యలో ఉండే అరుగుదల గుర్తు దిమ్మలు ఉన్నాయో లేదో చూడండి. అవి తెగిపోయి ఉంటే గేజ్ చూపించే లోతును నమ్మొద్దు.

అపోహ: "ఫోర్‌వీల్ డ్రైవే కదా, ఏవి దొరికితే అవి వేసేయొచ్చు."

ఫోర్‌వీల్‌లోనే ఇది ఎక్కువ ముఖ్యం. ముందు వెనక టైర్ల చుట్టుకొలత తేడాగా ఉంటే ఫోర్‌వీల్ వేసినప్పుడు ఆ ఒత్తిడంతా ఇంజన్ బలాన్ని ముందు వెనక చక్రాలకు పంచే ట్రాన్స్‌ఫర్ కేసు మీద, గేర్ల మీద పడుతుంది. టైర్లలో మిగిల్చిన డబ్బుకు ఎన్నో రెట్లు అక్కడ పోతుంది. నాలుగూ ఒకే కంపెనీ, ఒకే మోడల్, దాదాపు ఒకే అరుగుదల ఉండాలి. సైజు కూడా అంతే. థార్‌లోనే కొన్నిటికి 245/75 ఆర్16, కొన్నిటికి 255/65 ఆర్18 వస్తాయి.

మరి మంచివి ఎక్కడ దొరుకుతాయంటారా? కొత్త బండి కొన్న వారానికే పెద్ద మడ్ టైర్లు వేయించి, కంపెనీవి తీసేసేవాళ్ళు చాలామంది ఉన్నారు. అవి దాదాపు కొత్తవే. కాకపోతే కంపెనీ వేసిన రకమే దొరుకుతుంది, అవి పెద్ద బురదకు సరిపోవు. పొలం గట్లకు, ఇసుకకు, ఘాట్ రోడ్డుకు ఏ లోటూ ఉండదు. మీ సైజు టైర్ల షాపుల్లో ముందే చెప్పిపెట్టుకోండి. నాలుగుతో సరిపెట్టకుండా స్టెప్నీతో కలిపి ఐదూ అడగండి, ఐదింటి తేదీలూ చూసుకోండి.